అనంతపురంలో కుక్క పుండుకు లేజర్: మిషన్‌కు ఫుల్ మార్కులు, చేసే పద్ధతికి సగమే

అనంతపురంలోని ఒక పెట్ క్లినిక్‌లో కుక్కల పుండ్లు మానడానికి లేజర్ కాంతి పెడుతున్నారు. క్లాస్ 4, అంటే ఎక్కువ శక్తి ఉన్న లేజర్ మిషన్. 650, 810 నానోమీటర్ల కాంతి రెండూ వస్తాయి. మొదటిది ఎర్రగా కనబడుతుంది, పైపొరలోనే ఆగిపోతుంది. రెండోది కంటికి కనబడదు, లోతుకు పోతుంది. అందుకే గదిలో అందరికీ ఆ మిషన్‌కు సరిపడే కళ్లద్దాలు ఉండాలి, ఇక్కడ ఇచ్చారు. కుక్క కళ్లకు మందపాటి నల్లగుడ్డ కప్పారు. వెనక్కాలి పుండుకు అది చాలు.

చిక్కంతా పుండును సిద్ధం చేయడంలోనే. బెటాడిన్ మరక అలాగే ఉండగా లేజర్ మొదలుపెట్టారు. ఆ గోధుమరంగు కాంతిని తాగేస్తుంది, తెల్ల ఆయింట్‌మెంట్ అయితే వెనక్కి కొడుతుంది. సెలైన్‌తో కడిగి, చెక్కు తీసి, గాజుగుడ్డతో తడి అద్ది, చుట్టూ వెంట్రుకలు కత్తిరించాకే లేజర్ పట్టాలి.

ఇక డోసు. పుండు 5×4 సెంటీమీటర్లు. చుట్టూ ఒక సెంటీమీటర్ కలుపుకుంటే 7×6, అంటే 42 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 4 జూళ్ల (కాంతి శక్తికి కొలత) లెక్కన 168 జూళ్లు కావాలి. ఒక వాట్ మీద 168 సెకన్లు, మూడు నిమిషాలకు కాస్త తక్కువ. వీళ్లు స్కేలు పెట్టి కొలవలేదు, మిషన్‌లో కుక్క బరువును బట్టి ఉన్న బటన్ నొక్కి అదే ఒక వాట్ మీద ఒక్క నిమిషంలో ముగించారు. చదరానికి ఒకటిన్నర జూలు కూడా పడలేదు. బిల్లు మాత్రం పూర్తిగానే పడింది!

చేతి పనితనం బాగుంది. లేజర్ వచ్చే హ్యాండ్‌పీస్‌ను ఒకచోట నిలపకుండా, పెయింట్ వేసినట్టు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పారు. నల్లకుక్కలకు ఇది మరీ ముఖ్యం. నల్లచర్మం త్వరగా వేడెక్కుతుంది, కుక్క కాలు లాక్కుంటే వాట్లు తగ్గించాలి.

మొదటి వారం రోజు మార్చి రోజు, కొత్త కండ ఎర్రగా పట్టాక వారానికి రెండుసార్లు రమ్మన్నారు. సరైన పద్ధతే. ప్రతిసారీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయమని అడగండి, తగ్గుతోందో లేదో అందులోనే తేలుతుంది.

ఎండాకాలం ఈగలు వాలి పురుగు పడిన పుండైతే ముందు పురుగులు ఏరించాలి, చచ్చిన కండ తీయించాలి. లేజర్ ఆ పని చేయదు. గడ్డ పగిలి మానని పుండైతే క్యాన్సర్ కాదని తేలేదాకా దాని మీద పెట్టనివ్వొద్దు. గోమారి జ్వరానికి డాక్సీసైక్లిన్ నడుస్తుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి, ఆ మందుతో చర్మం కాంతికి తట్టుకోలేకపోవచ్చు.