గుంటూరు దగ్గర చెరువు కట్ట పార్కు, బోటింగ్: రెండుసార్లు వెళ్ళొచ్చాక రాస్తున్న రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్తా. సాయంత్రం గాలికి, పిల్లల ఆటకి 5కి 4. బోటింగ్‌కి 5కి 2. కట్టకి మొదటిసారి 1, రెండోసారి వెళ్ళాక 3. కట్టకి కూడా రేటింగ్ ఏంటి అంటారేమో, మాది విజయవాడ సింగ్‌నగర్ అండి. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు నీళ్ళు ఇంట్లోకి వచ్చేస్తే పిల్లల్ని ఎత్తుకుని మేడెక్కి మూడు రాత్రులు అక్కడే ఉన్నాం, తాగడానికి నీళ్ళు లేవు కానీ చుట్టూ నీళ్ళే. బుడమేరు డైవర్షన్ కాలువ కట్టకి పడ్డవి మూడు గండ్లు, వాటిని పూడ్చడానికి ఆర్మీ కూడా రావాల్సొచ్చింది. అప్పట్నుంచి ఎక్కడ మట్టికట్ట కనిపించినా నా చూపు ముందు దాని మీదకే పోతుంది.

ఊరి పేరు రాయట్లేదు. బోట్లు నడిపే కుర్రాళ్ళు, పంచాయతీ వాళ్ళు తర్వాత మా మాట విన్నారు, వాళ్ళ పొట్ట కొట్టాలని నాకు లేదు. గుంటూరు నుంచి బండి మీద అరగంటలో వెళ్ళిపోవచ్చు. అయినా మన రెండు జిల్లాల్లో ఇలా పార్కులుగా మారుతున్న చెరువులు ఒకటా రెండా, మీరు వెళ్ళే చెరువుకి కూడా ఇందులో రాసింది పనికొస్తుంది.

ప్లేస్ మాత్రం చాలా బాగుంది, అందులో మాటే లేదు. కట్ట అర కిలోమీటరు పొడవుంటుంది, రెండు నిలువుల ఎత్తు, పైన నడవడానికి సిమెంట్ దారి, బెంచీలు, ఓ పక్కన తామరలు, అవతల వరి పొలాలు. అయిదు దాటాక గాలి మొదలవుద్ది చూడండి, గుంటూరు ఎండలో పొద్దంతా ఉడికిన మనిషికి ప్రాణం లేచొస్తుంది. కొంగలు, నీటికాకులు బాగా కనిపించాయి. కట్ట కింద మిరపకాయ బజ్జీల బండి ఉంది, వాము పెట్టి వేస్తున్నాడు, వేడివేడిగా తిన్నాం. పార్కింగ్ 20, బోటు పెద్దాళ్ళకి 50, పిల్లలకి 30. బాత్రూం ఒకటే ఉంది, ఆడవాళ్ళకి ఇబ్బందే, ఇంట్లోనే వెళ్ళి బయల్దేరండి.

మా బాబాయి నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు, ఆయన కూడా మాతో వచ్చాడు. మేం బజ్జీలు తింటుంటే ఆయన నడుచుకుంటూ అలుగు దాకా వెళ్ళి అక్కణ్ణుంచే నన్ను కేకేశాడు. వెళ్ళి చూస్తే అలుగు గోడ మీద రెండు వరసలు ఇసక బస్తాలు పేర్చి ఉన్నాయి, వాటి ముందు చేపలు పోకుండా వల, ఆ వల నిండా గుర్రపుడెక్క, ప్లాస్టిక్ చెత్త. బోటు కుర్రాణ్ణి అడిగితే "నీళ్ళు తగ్గితే బోటు అడుగు తగులుద్దండి, అందుకే కొంచెం ఎక్కువ నిలబెట్టాం" అన్నాడు, పాపం దాచకుండానే చెప్పాడు. బాబాయి కోప్పడలేదు. "బాబూ, అలుగు ఉన్నదే ఎక్కువైన నీళ్ళు పోడానికి. నువ్వు ఇక్కడ రెండడుగులు లేపితే, చెరువు నిండాక కట్ట పైదాకా ఖాళీ ఉండాల్సిన ఆ రెండడుగులూ నువ్వు తినేసినట్టే, ఒక్క రాత్రి గట్టి వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి, కట్ట మీంచే పోతాయి" అన్నాడు.

రాతి గోడ మీంచి నీళ్ళు పొర్లితే ఏమీ కాదు, మట్టికట్ట మీంచి పొర్లితే వెనక వాలులో మట్టి కోసుకుంటూ పోయి చూస్తుండగానే గండి పడిపోద్దట. 2021 నవంబర్ 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టులో అదే జరిగింది, వరద పొర్లి మట్టికట్ట కొట్టుకుపోయింది, కింద ఊళ్ళు ఏమయ్యాయో అందరం టీవీలో చూశాం. అది పెద్ద ప్రాజెక్టు కాబట్టి వార్తల్లోకి వచ్చింది. 2021లోనే వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్లు దాటిన డ్యాములకి, కొన్ని షరతుల మీద 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది, ఇలాంటి ఊరి చెరువులు ఆ లెక్కలోకే రావు. అంటే దీన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది ఊళ్ళో వాళ్ళు, రోజూ దాని మీద నడిచేవాళ్ళే.

తర్వాత కట్ట కింద వెనకవైపు నడిచాం, టికెట్ కొని వచ్చినవాళ్ళు ఎవరూ అటు వెళ్ళరు. ఒకచోట జమ్ము గుబురుగా పెరిగి ఉంది, చుట్టూ పొడిగా ఉంటే అక్కడ మాత్రం చెప్పు దిగబడుతోంది, మధ్యలో చెంబు మూతంత గుంటలో నీళ్ళు సన్నగా ఊరుతున్నాయి. బాబాయి మా వాటర్ బాటిల్ పైభాగం కోయించి, మట్టి కదలకుండా అరచేత్తో నీళ్ళు తోడి అందులో పోసి బండి సీటు మీద పెట్టి పావుగంట ముట్టుకోవద్దన్నాడు. మా చిన్నోడు దాని ముందే కూచున్నాడు. "మట్టికట్ట అన్నాక కొంచెం ఊట ఉంటుందమ్మా, నీళ్ళు తేటగా ఉంటే భయం లేదు, అడుగున మట్టి పేరితే మాత్రం లోపల్నుంచి కట్ట కరుగుతున్నట్టు" అన్నాడు. పావుగంటకి అడుగున సన్నటి ఎర్రమట్టి పొర, గోరు మందం కూడా లేదు, కానీ ఉంది. ఆ బాటిల్ చూసినప్పుడు నాకు సింగ్‌నగర్ ఇంటి గోడల మీద మిగిలిన మట్టి చార గుర్తొచ్చి కడుపులో తిప్పినట్టయింది.

ఇంకా కొన్ని చూపించాడు. అందంగా ఉంటాయని కట్ట మీద వరసగా నాటిన చెట్లు, రేపు అవి ఎండితే కుళ్ళిన వేళ్ళే నీళ్ళకి దారి అవుతాయి. ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొరియలు కూడా అంతే. లైటు స్తంభాలకి తీసిన గుంటలు సరిగా దిమ్మిస కొట్టకుండా వదిలేశారు, వాన నీళ్ళు నిలుస్తున్నాయి. వెనక వాలు మీద గడ్డి మాత్రం బాగుంది, దాన్ని చెక్కకుండా ఉంచమన్నాడు.

బోటింగ్ సంగతి. నలుగురు ఎక్కే తొక్కుడు బోటు, బోటు వరకు బానే ఉంది, లైఫ్ జాకెట్లే బాలేవు. అడిగితే గానీ ఇవ్వలేదు, ఇచ్చినవాటిలో ఒకదానికి బకిల్ విరిగితే తాడుతో కట్టారు, మా చిన్నోడికి పెద్దవాళ్ళది తొడిగారు. మీరు ఎక్కడికెళ్ళినా ఇది చెయ్యండి: జాకెట్ వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి, అది చెవుల దాకా వచ్చిందంటే నీళ్ళలో పడ్డాక జాకెట్ పైకి, పిల్లోడు కిందకి పోతాడు. కాళ్ళ మధ్యలోంచి వేసే పట్టీ ఉండాలి. మావాడికి అలాగే పైకొచ్చేసింది, ఏడ్చినా సరే బోటు ఎక్కించలేదు. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు, చాలామందికి జాకెట్లే లేవు. మా ఇంటికి అది ఎంతో దూరం కాదు, ఆ రోజు సైరన్లు నాకింకా గుర్తే.

తూము దగ్గర కుర్రాళ్ళు ఈత కొడుతున్నారు, ఇది అన్నిటికంటే భయం వేసింది. పొలాలకి నీళ్ళు వదిలినప్పుడు పైన ఏమీ తెలీదు, అడుగున మాత్రం కాలు పట్టి లాగేస్తుంది, ఎంత ఈత వచ్చినా బయటపడలేరు. బోర్డు లేదు, తాడు లేదు. బాబాయి గట్టిగా అరిస్తే లేచి అవతలికి పోయారు.

ఆ సాయంత్రమే బాటిల్ పట్టుకుని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాం. ముందు "ఎప్పట్నుంచో ఊరుతుందండి, ఏం కాదు" అన్నారు. బాబాయి ఓపిగ్గా కూచుని చెప్పాడు, ఊట నోరు మూసెయ్యకూడదు, మూస్తే ఇంకోచోట బుంగ పడుద్ది, ముందు ఇసక, దాని మీద సన్న కంకర, ఆ పైన పెద్ద కంకర పరిచి నీళ్ళు పోనివ్వాలి, మట్టి మాత్రం ఆగాలి, అలాగే ఇంజనీరుకి కబురు పెట్టాలి అని. భయంతో ఒక్కసారి చెరువు ఖాళీ చెయ్యొద్దని కూడా చెప్పాడు, నీళ్ళు గబుక్కున దిగితే లోపలి వాలు తడి బరువుకి జారిపోతుందట.

నెలన్నరకి మళ్ళీ వెళ్ళాం. అలుగు మీద బస్తాలు తీసేశారు, వల ఉంది గానీ చెత్త తీసి శుభ్రంగా ఉంది. ఊట దగ్గర కంకర పరిచారు. బాబాయి రాలేదు, మోకాళ్ళ నొప్పి, అందుకని నేనే బాటిల్ కోసి నీళ్ళు పట్టి పావుగంట పెట్టి వీడియో కాల్‌లో చూపించా. అడుగున ఏమీ లేదు, తేటగా ఉన్నాయి. "ప్రతి వానకీ చూడమని చెప్పమ్మా వాళ్ళకి" అన్నాడు. తూము దగ్గర ఎర్ర తాడు కట్టారు, బోర్డు ఇంకా రాలేదు. చిన్నపిల్లల జాకెట్లు నాలుగు కొత్తవి తెచ్చారు కానీ కింద పట్టీ లేదు, అందుకే బోటింగ్‌కి ఆ రెండు స్టార్లు పెంచలేదు. మా చిన్నోడు ఈసారీ కట్ట మీదే ఆడుకున్నాడు, బజ్జీలు మాత్రం ఇంకో ప్లేటు చెప్పించాడు.