లే మాత్‌లో పాము భోజనం, తడి సంచి తూకం

తడి టిష్యూకి కూడా డబ్బులు వేస్తారని ముందే తెలిసుంటే చేతులు ప్యాంటుకే తుడుచుకునేవాణ్ణి. ఒక్కోటి 5,000 వియత్నాం డాంగ్‌లు, మన లెక్కలో పదిహేడు రూపాయలు. అడక్కుండా టేబుల్ మీద పెట్టే పల్లీలూ అంతే, ముట్టుకున్నామా బిల్లు ఎక్కినట్టే. సరే, అవి చిల్లర. నా కడుపుమంటంతా పాము తూకం దగ్గర.

దసరా సెలవుల్లో నేను, మా ఆవిడ, బావమరిది అయిదు రోజులు వియత్నాం వెళ్ళాం. ఈ-వీసా మనిషికి 25 డాలర్లు. హనోయి ఓల్డ్ క్వార్టర్‌లో గది రోజుకు 2,400 రూపాయలు, శుభ్రంగానే ఉంది. హాలాంగ్ బే పడవ ప్రయాణం బాగుంది.

నాలుగో రోజు పొద్దున్నే బావమరిది మొదలుపెట్టాడు. "బావా, ఇక్కడ పాములు వండే ఊరుందట, పోదాం." ఆ ఊరు లే మాత్. ఎర్రనది దాటి లాంగ్ బియెన్ వైపు వెళ్ళాలి, మా గది నుంచి ఏడు కిలోమీటర్లు. గ్రాబ్ (మన ఓలా లాంటి యాప్) కారుకి 1,20,000 డాంగ్‌లు, అంటే 400 రూపాయలు. పాములు పట్టడం, పెంచడం, వండటం అక్కడ తరతరాల వృత్తి. లీ రాజుల కాలంలో ఆ ఊరి కుర్రాడొకడు నదిలో మహాసర్పంతో పోరాడి రాకుమారి దేహాన్ని ఒడ్డుకు తెచ్చాడని వాళ్ళ కథ. చాంద్రమానంలో మూడో నెల 23న ఏటా జాతర చేస్తారు. పాముతో పోరాడినవాడికి జాతర చేసే ఊరికి, ఏటా పుట్టలో పాలు పోసే మా ఆవిడను తీసుకెళ్ళాను. తప్పు నాదే.

హోటల్ వెనక పెరట్లో జాలీ పెట్టెలు. ఒకదాని ముందు నిలబడగానే లోపలి నాగుపాము లేచి పడగ విప్పింది. మా ఆవిడ చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. పనికుర్రాడు పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నెల తిరక్కుండా నాగులచవితి ఉంది, గుర్తుందా?" అని నావైపు చూసి వెళ్ళి బయట కుర్చీలో కూర్చుంది.

నాగుపాము జోలికి పోకుండా జెర్రిపోతు లాంటిది ఒకటి చూపించాం. పెంపకం పామేనని చెప్పారు. ధర కూడా తక్కువ, కిలో 9 లక్షల డాంగ్‌లు. నీళ్ళు కారుతున్న వల సంచిలో వేసి కాటా మీద పెట్టి 1.4 అని చూపించాడు. నేను తలూపాను. పాము కోసేశాక బావమరిది చెవిలో అంటాడు, "బావా, సంచి బరువు తీసేయలేదు." చేపల మార్కెట్లో పావు కిలో దగ్గర గొడవపడేవాడు, ఇక్కడ మాత్రం పని అయిపోయాక నోరు విప్పాడు.

నెత్తురు ఒక గ్లాసులో, పిత్తం ఇంకో గ్లాసులో సారాతో కలిపి తెచ్చారు. చిన్న కప్పులో గుండె ఇంకా కొట్టుకుంటోంది. పెద్ద అతిథి మింగాలట. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని కప్పు వెనక్కి నెట్టాం. పచ్చి నెత్తురుతో పరాన్నజీవులు ఒంట్లోకి వస్తాయి, ఎవరు ఎంత రెచ్చగొట్టినా తాగకండి.

వండినవి మాత్రం వేరే సంగతి. అందరూ చికెన్‌లా ఉంటుందంటారు, కాదు. మలుగుపాము చేప తిన్నవాళ్ళకు కొంచెం అందుతుంది, కాకపోతే ఇది గట్టి, ముళ్ళు ఎక్కువ. నిమ్మగడ్డి, మిరపకాయ వేసిన వేపుడు నమిలి నమిలి దవడ నొప్పెట్టింది. చర్మం వేయిస్తే కరకరలాడింది. అన్నిటికన్నా నచ్చింది ఎముకలతో సహా సన్నగా దంచి వేయించినది. నువ్వులద్దిన బియ్యపు అప్పడాన్ని విరిచి దాంతో ఎత్తుకుని తినాలి. రెండో ప్లేటు అడుగుదామనుకున్నాను, మా ఆవిడ కిటికీలోంచి చూస్తోందని మానేశాను. పాము ఖీమాను అచ్చం తమలపాకులా ఉన్న లా లోత్ ఆకులో చుట్టి కాల్చిన ముక్కలు కూడా వచ్చాయి. ఆమె లోపలికొచ్చి చూసింది మాత్రం సరిగ్గా ఆ ప్లేటునే. "తమలపాకులోనా!" అంది. తర్వాత అన్నం, వెల్లుల్లి వేసిన తూటికూర వేపుడు తప్ప ఏమీ ముట్టలేదు.

బిల్లు చూడండి: పాము 12,60,000, వండినందుకు 2,50,000, సారా 1,50,000, తూటికూర 60,000, పల్లీలు 30,000, టిష్యూలు మూడు 15,000. మొత్తం 17,65,000, దాదాపు 5,900 రూపాయలు. వండే ఖర్చు విడిగా ఉంటుందని ముందు ఒక్క మాట చెప్పలేదు. సంచి సంగతి అడిగితే కాటా కుర్రాడికి ఉన్నట్టుండి ఇంగ్లీషు రాకుండా పోయింది. సంచి రెండు వందల గ్రాములే అనుకున్నా 600 రూపాయలు! వెళ్ళేవాళ్ళు సంచిని విడిగా తూయించండి, వంటతో కలిపి మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. సీసాలో పాము చుట్టుకుని ఉన్న సారా ఓల్డ్ క్వార్టర్‌లో అమ్ముతారు, ఇంటికి తెచ్చే ఆలోచన పెట్టుకోకండి, కస్టమ్స్ దగ్గర ఇరుక్కుంటారు. మాంసం తినని వాళ్ళు 'చాయ్' అనే మాట నేర్చుకుంటే చాలు. అక్కడ దానర్థం టీ కాదు, శాకాహారం. బోర్డు మీద 'థిత్ చో' అని ఉంటే అది కుక్క మాంసం.

తిరుగు కారులో మా ఆవిడ వెనక సీట్లో నా పక్కన కూర్చోలేదు, ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. గది తలుపు దగ్గర ఆపి, "తలమీద నీళ్ళు పోసుకున్నాకే మంచం ఎక్కండి" అంది. బావమరిది తన గదిలోకి జారుకోబోతుంటే, "నువ్వూనురా" అని వాడి చేతిలో ఇంకో తువ్వాలు పెట్టింది.