ఒకే ఊళ్లో పెట్టాలా, నాలుగు ఊళ్లకు పంచాలా?

2025లో ప్రపంచ వాలీబాల్ చాంపియన్‌షిప్‌లు రెండూ 32 జట్లతో జరిగాయి. పురుషుల పోటీని ఫిలిప్పీన్స్ ఒక్క మనీలా ప్రాంతంలోనే, రెండు ఇండోర్ స్టేడియాల్లో నడిపింది. మహిళల పోటీని థాయ్‌లాండ్ నాలుగు నగరాలకు పంచింది. అనంతపురం, కర్నూలు, కడప కలిసి టోర్నీ పెట్టాలన్నా తేలాల్సింది ఇదే.

ఖర్చు: ఒకే ఊరైతే ఒక కోర్టు, ఒక లైటింగ్, ఒక వంటశాల. పంచితే అన్నీ మూడింతలు, పైగా బస్సు బాడుగలు.

శ్రమ: ఒకే ఊళ్లో రిఫరీలు కదలక్కర్లేదు. పంచితే అనంతపురం నుంచి కర్నూలుకు దాదాపు మూడు గంటల ప్రయాణం, దిగగానే మ్యాచ్. మోకాళ్లు పట్టేస్తాయి.

అసలు చిక్కు హాలుతోనే. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పే. కానీ ప్రపంచ పోటీలకు పైన 12.5 మీటర్లు ఖాళీ ఉండాలి. మామూలు పోటీలకైనా 7 మీటర్లు కావాలి. ఫంక్షన్ హాల్లో షాండ్లియర్ కింద సర్వీస్ చేయలేం కదా! అలాంటి హాళ్లు మూడు దొరకడం కష్టం. ఆరుబయట ఆడిద్దామంటే ఆషాఢం గాలికి బంతి ఎటు పోతుందో తెలియదు.

జనం: ఇక్కడ మాత్రం పంచడమే మేలు. 2023లో క్లబ్బుల ప్రపంచ పోటీ బెంగళూరులో జరిగితే అనంతపురం వాళ్లకు దగ్గరైంది, కర్నూలు వాళ్లకు కాదు.

చేతిలో డబ్బు తక్కువ, రోజులు తక్కువ అయితే ఒకే ఊరు. మూడు ఊళ్లలోనూ హాలు, దాత ఉంటే లీగ్ మ్యాచ్‌లు పంచి, సెమీస్ నుంచి ఒకచోట పెట్టండి.