పదకొండేళ్లుగా పైథాన్ డేట్‌టైమ్‌తో: చెరువు రోజులు, దాళ్వా పద్దులు

భీమవరంలో ఉంటూ రొయ్యల చెరువులకూ, ధాన్యం కమీషన్ కొట్లకూ లెక్కల సాఫ్ట్‌వేర్ రాసే పనిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తేదీలనూ వేళలనూ లెక్కించే డేట్‌టైమ్ మాడ్యూల్‌ను నేను 2014 నుంచి దాదాపు రోజూ వాడుతున్నాను. ఇది విడిగా తెచ్చుకోవలసిన సరుకు కాదు. 2003లో విడుదలైన పైథాన్ 2.3 నుంచి భాషతో పాటే వస్తోంది. ఊరికే చేతికొచ్చిన వస్తువు కనుక చాలామంది దీని గుణదోషాలు చూడకుండానే వాడేస్తారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇన్నేళ్ల వాడకం మీద నాకు తేలినది ఏమిటంటే, ఇందులో తేదీని మాత్రమే దాచే ‘డేట్’ అనే రకాన్ని కళ్లు మూసుకుని నమ్మవచ్చు, తేదీతో పాటు వేళనూ దాచే ‘డేట్‌టైమ్’ అనే రకాన్ని మాత్రం పక్కనే ఉండి కనిపెట్టుకోవాలి, నెలల లెక్క కావాలంటే ఈ మాడ్యూల్‌ను అడగనే కూడదు.

ముందు డేట్ సంగతి. రొయ్యల రైతుకు ఏ లెక్కకైనా మొదలు సీడు, అంటే రొయ్య పిల్లలను, వదిలిన తేదీయే. ఏ పూట ఎంత మేత వేయాలి, ఏ రోజు నుంచి చెక్‌ట్రే (మేత ఎంత తిన్నాయో తెలిపే పళ్లెం) చూడాలి, పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టడానికి, ఎప్పుడు మనుషులను పిలవాలి అన్నవన్నీ ఆ తేదీ నుంచి ఎన్నో రోజు అన్నదాని మీదే నడుస్తాయి. ఒక తేదీ నుంచి ఇంకొక తేదీని తీసివేస్తే ఈ మాడ్యూల్ టైమ్‌డెల్టా అనే వ్యవధి రూపంలో రోజుల సంఖ్య ఇస్తుంది. లీపు సంవత్సరం వచ్చినా, డిసెంబరు దాటి జనవరిలోకి పోయినా, ఈ తీసివేతలో తప్పు దొర్లడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. దోషం ఉంటే అది నాలోనే ఉండేది. మొదటి ఏడాదే కాళ్ల మండలంలోని ఒక పెద్దాయన ఫోన్ చేసి, “ఏం బాబూ, నా చెరువు ఇవాళ ముప్ఫయ్యో రోజు కదా, నీ కంప్యూటరు ఇరవై తొమ్మిదంటుందేంటి?” అని అడిగారు. మా వైపు సీడు వదిలిన రోజునే ఒకటో రోజుగా లెక్కిస్తారు, తీసివేత దానిని సున్నాగా లెక్కిస్తుంది. ఒకటి కలపడంతో ఆ పని తీరింది. అయితే ఆ ఒకటిని ఎక్కడెక్కడ కలపాలి, ఎక్కడ కలపకూడదు అన్నది నిర్ణయించడానికి నాకు ఒక వారం పట్టింది, ఎందుకంటే చెరువు వయసుకు అది కావాలి, అప్పు వడ్డీకి అక్కరలేదు.

నన్ను అసలు దెబ్బతీసినది పట్టుబడి లెక్క. చల్లదనం ఉండగానే సరుకు ఐసులో పడాలని చాలా చెరువులను తెల్లవారక ముందే పడతారు. ఒక రాత్రి మూడు గంటలకు, చెరువు గట్టు మీద కాటా పక్కనే నిలబడి, కుర్రవాడొకడు ఫోన్‌లో యాభై కౌంటు (కిలోకు యాభై రొయ్యలు తూగే) సరుకు రెండు టన్నులు నమోదు చేశాడు. ఆ రోజు నుంచి కిలోకు పది రూపాయలు పెరిగిన ధర అమలులో ఉంది. బిల్లు మాత్రం ముందు రోజు ధరతో వచ్చింది. రెండు వేల కిలోల మీద ఇరవై వేల రూపాయల తేడా కనుక రైతు అక్కడికక్కడే పట్టుకున్నారు. నా ప్రోగ్రాము అద్దెకు తీసుకున్న విదేశీ సర్వర్ మీద నడుస్తోంది, దాని గడియారం మన కాలం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక కాలం యూటీసీలో ఉంది, మన తెల్లవారుజామున మూడు గంటలంటే అక్కడ ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నర. నేను రాసిన వరుస ‘డేట్.టుడే’ అని మాత్రమే అడిగింది. ఆ ఫంక్షన్ అది నడుస్తున్న యంత్రపు తేదీని ఇచ్చింది, ఎవరి ఊరి ‘ఈ రోజు’ కావాలో అడగలేదు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర వరకు ప్రతి నమోదూ అలా ఒక రోజు వెనక్కి పోతూనే ఉంది. పగలు పనిచేసే కొట్లలో ఈ తప్పు కనబడదు, రొయ్యల వ్యాపారంలో అయితే సగం పని ఆ వేళలోనే జరుగుతుంది. అప్పటి నుంచి ఎక్కడా టుడే వాడడం లేదు. ముందు యూటీసీలో క్షణాన్ని తీసుకుని, దానిని మన సమయానికి మార్చి, ఆ తరువాతే తేదీని విడదీస్తున్నాను.

ఇందులో మాడ్యూల్ తప్పు ఎంత, నా తప్పు ఎంత అంటే చెరి సగం అంటాను. టైమ్‌జోన్ (ఏ ప్రాంతపు కాలమో చెప్పే గుర్తు) తగిలించని డేట్‌టైమ్‌నూ, తగిలించినదానినీ ఒకే రకంగా ఉంచడమే దీని నిర్మాణంలోని లోపం. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. రెండింటినీ ఏది ముందు, ఏది వెనుక అని పోల్చబోతే టైప్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది కనుక కొంత నయం. యూటీసీ సమయాన్నే ఇస్తూ దానికి టైమ్‌జోన్ తగిలించని ‘యూటీసీనౌ’ అనే ఫంక్షన్‌ను ఇక వాడవద్దని 2023లో వచ్చిన పైథాన్ 3.12 చెప్పింది. ఆ మాట ఇరవై ఏళ్ల ముందే చెప్పి ఉంటే నాకు చాలా రాత్రుల నిద్ర మిగిలేది.

ఇదే ఐదున్నర గంటలు బ్రౌజరులో వేరే వేషంలో ఎదురవుతాయి. రైతు ఫోన్‌లో డిసెంబరు 1 అని ఎంచుకుంటే బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్ట్ భాష దానిని మన అర్ధరాత్రిగా తీసుకుంటుంది. ఆ విలువను యూటీసీలో రాసే ఐఎస్ఓ రూపంలోకి మార్చి పంపితే సర్వర్‌కు నవంబరు 30, సాయంత్రం ఆరున్నర అని చేరుతుంది. పైథాన్‌కు ఇందులో పాపం లేదు, వచ్చినదానిని అది నమ్మకంగా చదువుతుంది. సీడు వదిలిన రోజు అనేది కాలంలో ఒక క్షణం కాదు, గోడ మీది క్యాలెండరులో ఒక గడి. దానికి గంటలు తగిలించిన చోటల్లా నాకు చిక్కు వచ్చింది. ఇప్పుడు అలాంటి తేదీలను సంవత్సరం, నెల, రోజు అనే అక్షరాలుగానే పంపించి, డేట్‌గానే దాస్తున్నాను.

టైమ్‌జోన్లను చూసుకునే జోన్‌ఇన్ఫో అనే భాగం పైథాన్‌లోకి రాక ముందు టైమ్‌జోన్ల కోసం పైటిజెడ్ అనే బయటి లైబ్రరీని వాడేవాళ్లం. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు వేసిన వేళలను నమోదు చేసే భాగంలో రాత్రి రెండు గంటలకు వేసిన మోటారు ఒంటి గంటా ముప్ఫై ఏడు నిమిషాలకే వేసినట్టు చూపించేది. అరగంట కాదు, గంట కాదు, ఈ ఇరవై మూడు నిమిషాలు ఎక్కడివో చాలా రోజులు అంతుబట్టలేదు. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు కాస్త తూర్పుగానే పోతుంది. భీమవరంలో సూర్యుడి కాలానికీ గడియారానికీ తేడా సుమారు నాలుగు నిమిషాలే, కనుక ఇది మన ఊరి తేడా కాదు. చివరికి తేలినది ఏమిటంటే, పైటిజెడ్ ఇచ్చే ‘ఆసియా/కోల్‌కతా’ను నేరుగా డేట్‌టైమ్‌లో పెడితే, ప్రామాణిక కాలం రాక ముందు కలకత్తాలో నడిచిన స్థానిక కాలాన్ని, అంటే ఐదు గంటల యాభై మూడు నిమిషాలను తగిలిస్తుంది. లోకలైజ్ అనే పద్ధతి ద్వారా పెడితేనే ఐదున్నర వస్తుంది. 2020లో వచ్చిన పైథాన్ 3.9లోని జోన్‌ఇన్ఫోతో ఈ పీడ వదిలింది. విండోస్ మీద మాత్రం దానికి టిజెడ్‌డేటా అనే ప్యాకేజీని విడిగా పెట్టాలి. కొట్లలో ఉండేవన్నీ విండోస్ పెట్టెలే కనుక ఇది మరిచిపోతే మొదటి రోజే ఫోన్ వస్తుంది.

ఇక నెలల సంగతి. టైమ్‌డెల్టాలో రోజులు, సెకన్లు, మైక్రోసెకన్లు తప్ప నెల అనేది లేనే లేదు. నెలకు స్థిరమైన పొడవు లేదు కనుక అలా వదిలేయడం నిజాయితీగా ఉందనే నా ఉద్దేశం, కానీ మా వైపు అప్పులన్నీ నూటికి నెలకు రెండు రూపాయలు అనే లెక్కలో నడుస్తాయి. 2023 జనవరి 31న తీసుకున్న లక్షను మార్చి 31న తీరిస్తే, అది రెండు నెలలు అనుకున్న కొట్టులో వడ్డీ 4,000 రూపాయలు. యాభై తొమ్మిది రోజులను ముప్ఫైతో భాగించే కొట్టులో 3,933. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి కనుక ఏది కావాలో కొట్టు యజమానిని అడిగి సెట్టింగుగా పెట్టాను. నెలలు కలపడానికి డేట్‌యుటిల్ అనే లైబ్రరీలోని రెలెటివ్‌డెల్టా వాడుతున్నాను, అది మంచి పనిముట్టు. అయినా ఒక మెలిక ఉంది: జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28 వస్తుంది, దానికి మళ్లీ ఒక నెల కలిపితే మార్చి 28 వస్తుంది తప్ప 31 రాదు. అందువల్ల వాయిదాలను ఎప్పుడూ అసలు తేదీ నుంచే లెక్కించాలి, ముందు వాయిదా నుంచి కాదు. 2024 ఫిబ్రవరి 29 ఉదయం ఒక కొట్టులో ప్రోగ్రాము పూర్తిగా నిలిచిపోయింది, ఎందుకంటే గడువు కోసం సంవత్సరాన్ని 2025గా మార్చమని రాసిన వరుసకు అలాంటి తేదీయే లేదని మాడ్యూల్ వాల్యూ ఎర్రర్ ఇచ్చింది. తప్పు తేదీని మౌనంగా ఇవ్వడం కంటే ఇలా ఆగిపోవడమే మేలని నాకు తెలుసు. కాటా దగ్గర బారులు తీరిన ట్రాక్టర్ల వాళ్లకు అది చెప్పి ఒప్పించలేము.

తేదీలను చదివే భాగం, అంటే స్ట్రిప్‌టైమ్, చెప్పిన రూపాన్ని అక్షరం తప్పకుండా పాటిస్తుంది. రెండంకెల సంవత్సరం ఇచ్చినప్పుడు మాత్రం 69 నుంచి 99 వరకు 1900లలోకీ, 00 నుంచి 68 వరకు 2000లలోకీ వేస్తుంది, దానితో 65లో పుట్టిన ఒక రైతు 2065లో పుట్టబోయేవారయ్యారు. మేత డీలరు పంపే ఎక్సెల్ ఫైళ్లతో ఇంతకంటే పెద్ద తంటా. ఆ కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే మనం 03/04 అని కొట్టిన ఏప్రిల్ మూడు మార్చి నాలుగవుతుంది, 25/04 మాత్రం తేదీగా మారక ఒట్టి అక్షరాలుగా మిగిలిపోతుంది. ఒకే నిలువు వరుసలో సగం తేదీలు, సగం అక్షరాలు కనబడితే ఆ తేదీలను కూడా నమ్మకూడదని అర్థం. నేను ఆ ఫైలును తిప్పి పంపేస్తాను.

ఒక చిన్న ఫిర్యాదు కూడా ఉంది. డేట్‌టైమ్‌ను డేట్‌కు ఉపరకంగా కట్టారు. దానివల్ల డేట్ కావాలని తనిఖీ పెట్టిన చోట డేట్‌టైమ్ కూడా దర్జాగా దాటిపోతుంది. తీరా ఒకే రోజుకు చెందిన రెండింటినీ సమానమా అని అడిగితే కాదంటుంది.

దాళ్వా, అంటే రబీ వరి, పద్దుకు మాడ్యూల్ నుంచి సాయం ఏమీ అందదు, అందాలని కోరడం కూడా న్యాయం కాదు. డిసెంబరులో నారుమడి, ఏప్రిల్‌లో కోత అయ్యే పంటకు క్యాలెండరు సంవత్సరాలు రెండు, మార్చి 31 దాటితే ఆర్థిక సంవత్సరాలూ రెండే. సార్వా (ఖరీఫ్), దాళ్వాలను తేదీ నుంచి ఊహించకుండా విడి గడిగా పెట్టాను. జరిగిన తేదీ, నమోదైన తేదీ కూడా వేర్వేరు గడులే, ఎందుకంటే సంక్రాంతి మూడు రోజులూ ఎవరూ పుస్తకం ముట్టరు, ముక్కనుమ నాడు అన్నీ కలిపి ఎక్కిస్తారు.

చివరిగా పంచాంగం. అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్య పొట్టు విడుస్తుందని ఆ రోజుల్లో మేత తగ్గిస్తారు, కనుక తెర మీద తిథి చూపించమని అందరూ అడుగుతారు. డేట్‌కు గ్రెగోరియన్ క్యాలెండరు తప్ప మరొకటి తెలియదు. తిథి ఇరవై నాలుగు గంటలకు కట్టుబడదు, కొన్ని తిథులకు సూర్యోదయమే ఉండదు, 2023లో వచ్చినట్టు అధిక శ్రావణం వస్తే ఏడాదికి పదమూడు నెలలు. ఖగోళ గణితం రాసే ధైర్యం చేయక, ఏటా ఉగాదికి ముందు కొత్త పంచాంగం కొని అమావాస్యలనూ పౌర్ణములనూ చేత్తో ఒక పట్టికలో ఎక్కిస్తున్నాను. ఆ పట్టికను మా నాన్నగారు చదివి వినిపిస్తే నేను కొడతాను, తరువాత ఆయనే తెర మీద ఒక్కొక్క తేదీ సరిచూస్తారు.