గంధం రంగా, నిమ్మపండు రంగా: హాలుకి ఏ పసుపు మేలు?

హాలుకి పసుపే అని తేల్చుకున్నాక చాలామంది ఆగిపోయేది ఈ రెండింటి దగ్గర. షేడ్ కార్డు మీద ముందు కంటికి ఆనేది నిమ్మపండు రంగే. అయినా నా ఓటు గంధానికి.

అసలు తేల్చాల్సింది రాత్రిపూట మీ హాల్లో ఏ లైటు వెలుగుతుందన్నది. 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు) తెల్ల ట్యూబ్‌లైటులో నీలం పాలు ఎక్కువ. నిమ్మపండు రంగులో ముందే కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది కాబట్టి, దీపాలు పెట్టేసరికి గోడ ఆకుపచ్చగా తిరుగుతుంది, సోఫాలో కూర్చున్నవాళ్ల ముఖాలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. గంధంలో ఉన్నది ఎర్రని ఛాయ. అదే లైటు కింద కొంచెం తగ్గుతుందే తప్ప రంగు మారదు. 3000 కెల్విన్ వార్మ్ లైట్లుంటే (పసుపు వెలుగువి) మాత్రం లెక్క తిరగబడుతుంది: నిమ్మపండు హాయిగా ఉంటుంది, గంధం నారింజలోకి జారుతుంది. పడమటి కిటికీ ఉన్న గదిలో సాయంత్రాలూ అంతే.

తర్వాతది కప్పే గుణం. గంధం రంగుకి ఎక్కువగా కలిపేది ఐరన్ ఆక్సైడ్ పసుపు. అది అడుగున ఉన్నదాన్ని కనబడనివ్వదు, ఎండకీ సున్నానికీ తట్టుకుంటుంది. ముదురు నిమ్మపండుకి వాడే ఆర్గానిక్ పిగ్మెంట్లకి (రంగునిచ్చే పొడులు) కప్పే గుణం తక్కువ. రెండు కోట్లు వేశాక కూడా పుట్టీ అతుకులు తొంగిచూస్తాయి, మూడో కోటు తప్పదు. 12×10 గది, పదడుగుల ఎత్తు అనుకుంటే తలుపులు, కిటికీలు పోను గోడలు సుమారు 400 చదరపు అడుగులు. లీటరు రెండు కోట్లకి 120 అడుగులు వస్తే గంధానికి 4 లీటర్ల డబ్బా చాలు. నిమ్మపండుకి ఇంకో లీటరు కావాలి. రెండు డబ్బాలనూ ముందే ఒకే బకెట్లో కలిపేయాలి, లేదంటే గోడ మధ్యలో షేడు తేడా గీత పడుతుంది.

కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరనిచ్చి ప్రైమర్ కొట్టించండి. తొందరపడితే సిమెంటులోని క్షారం రంగుని తినేసి మచ్చలు తేలతాయి.

మిగతా పసుపుల్లో ఆవపిండి రంగు ఒక్క గోడకి చాలు. క్రీము అద్దె ఇళ్లకి సరే.

ఏది ఎంచుకున్నా కార్డు మీద నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోండి. నాలుగు గోడలూ ఒకదాని మీద ఒకటి వెలుగు చిమ్ముకుని పసుపు చిక్కనవుతుంది. 200 మిల్లీలీటర్ల శాంపిల్ తెచ్చి, ప్రైమర్ కొట్టిన రెండడుగుల బోర్డు మీద రెండు కోట్లు వేసి, గది మూలన నిలబెట్టి పగలొకసారి, లైట్లు వేశాక ఒకసారి చూడండి. పాత రంగు గోడ మీదే వేసి చూస్తే పక్కనున్న రంగు కంటిని తప్పుదారి పట్టిస్తుంది.