టీచర్ల శిక్షణకు సీఎస్‌ఆర్ గ్రాంటు: దరఖాస్తు రాసిపెట్టే కన్సల్టెన్సీపై నా రివ్యూ

ప్రభుత్వ హైస్కూళ్లలో లెక్కలు, సైన్స్ చెప్పే టీచర్లకు శిక్షణ ఇచ్చే చిన్న ట్రస్ట్ మాది. ఊరు సూర్యాపేట జిల్లా. సభ్యులందరం రిటైరైన స్కూల్ అసిస్టెంట్లం, నాది ఫిజికల్ సైన్స్. ఇంతకాలం పెన్షన్ డబ్బులతో, పాత విద్యార్థుల చందాలతో నడిపాం. మా నాలుగు మండలాలు దాటి జిల్లా అంతా చేయాలంటే గ్రాంటు తప్పదు. అందుకే కంపెనీలు తమ లాభాల్లోంచి సమాజం కోసం చట్టప్రకారం ఖర్చుపెట్టే సీఎస్‌ఆర్ నిధులకు దరఖాస్తు పెట్టించడానికి హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీని కుదుర్చుకున్నాం. వాళ్ల పేరు రాయడం లేదు. నేను విచారించిన మిగతా సంస్థల ప్యాకేజీ కూడా ఇంచుమించు ఇలాగే ఉంది కాబట్టి, ఇలాంటి సేవ తీసుకోవాలనుకునే ఎవరికైనా ఇది పనికొస్తుంది.

ప్యాకేజీలో ఏముందంటే: మన కాగితాలన్నీ సరిచూడటం, దర్పణ్ ఐడీ (స్వచ్ఛంద సంస్థలకు నీతి ఆయోగ్ పోర్టల్ ఇచ్చే నంబర్), సీఎస్‌ఆర్-1 నమోదు, ప్రపోజల్ రాయడం, కంపెనీల జాబితా ఇచ్చి దరఖాస్తులు పంపడం. ముందుగా 40 వేలు, గ్రాంటు వస్తే అందులో 8 శాతం.

కాగితాల పని మాత్రం చాలా బాగా చేశారు. ముందు ఆ మంచే చెప్పాలి. సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవాలంటే ట్రస్టుకు ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (చందా ఇచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు) ఉండాలి, ఇదే తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి, కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో సీఎస్‌ఆర్-1 ఫారం పెట్టి నంబర్ తెచ్చుకోవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబర్ లేకపోతే ఏ కంపెనీ అయినా మన ట్రస్ట్ ద్వారా ఖర్చు పెట్టడం కుదరదు. ఆ ఫారానికి డిజిటల్ సంతకం కావాలి, పైగా చార్టర్డ్ అకౌంటెంట్ గానీ కంపెనీ సెక్రటరీ గానీ కాస్ట్ అకౌంటెంట్ గానీ ధ్రువీకరించాలి. ఇవన్నీ చూసిన అబ్బాయి చాలా ఓపికమంతుడు. మా ట్రస్ట్ డీడ్‌లో ఒకలా, పాన్ కార్డులో ఒకలా ఉన్న పేరు స్పెల్లింగ్‌ను పట్టుకుని, ముందు అది సరిచేయించాకే ఫారం పెట్టాడు. 80జీ అనుమతి గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసి, "మేడమ్, గడువుకు ఆరు నెలల ముందే రెన్యువల్ పెట్టాలి, లేకపోతే ఇబ్బంది" అని తేదీతో సహా రాసిచ్చాడు. ఆ ఒక్క మాట మాకు ఎంతో మేలు చేసింది. ఈ పనికి ఇచ్చిన డబ్బుకు నాకు ఏ చింతా లేదు.

దర్పణ్ ఐడీ సంగతి మాత్రం చెప్పాలి. నీతి ఆయోగ్ పోర్టల్‌లో ఆ నమోదు పూర్తిగా ఉచితం. ప్యాకేజీలో దానికి విడిగా 5 వేలు వేశారు. అడిగితే తీసేశారు. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కూడా చేయిస్తామన్నారు. అది విదేశీ నిధుల కోసం, మాకు దానితో పనే లేదు.

ఇక ఆ 8 శాతం. మేం అడుగుతున్నది 18 లక్షలు. అందులో 8 శాతమంటే 1 లక్షా 44 వేలు. శిక్షణకొచ్చే టీచర్లకు ప్రయోగాల కిట్లు, మధ్యాహ్నం భోజనం కలిపి మేం వేసుకున్న లెక్క ఇంచుమించు అంతే. గ్రాంటు డబ్బు ఏ పద్దు కింద ఇచ్చారో ఆ పద్దు కిందే ఖర్చు చూపాలి, ఏడాది చివర సీఏ సంతకంతో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే ధ్రువపత్రం) ఇవ్వాలి. మరి ఈ కమీషన్ ఎక్కడ చూపాలి అని అడిగితే, "శిక్షణ సామగ్రిలో కలిపేద్దాం మేడమ్, అందరూ అలాగే చేస్తారు" అన్నారు. పిల్లల కోసం, టీచర్ల కోసం వచ్చే డబ్బుకు దొంగలెక్క రాయడం మా వల్ల కాదని అక్కడే చెప్పేశాం. చివరికి శాతం లేకుండా మొత్తం 60 వేలకు ఒప్పుకున్నారు. మీరూ గట్టిగా అడగండి, ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంకో చోటుకు వెళ్లండి.

అసలు బాధంతా ప్రపోజల్‌తో. ఇరవై రెండు పేజీలు, రంగురంగుల బొమ్మలు, అచ్చు చాలా అందంగా ఉంది. చదువుతుంటే మాత్రం అది ఎవరి ప్రాజెక్టో తెలియలేదు. "గణిత, విజ్ఞాన శాస్త్ర ఉపాధ్యాయుల సామర్థ్యాలను పెంపొందించి, నాణ్యమైన విద్యను అందించుట" అని మొదటి పేజీలో ఉంది. ఊరూ పేరూ మారిస్తే కుట్టు మిషన్ల శిక్షణకు కూడా సరిపోతుంది. 400 మంది టీచర్లు, రెండు రోజుల శిక్షణ, అంతే. ఆ రెండు రోజుల్లో ఏం చెబుతారు, టీచర్ తిరిగి బడికి వెళ్లాక ఏం మారుతుంది అన్నదానికి ఒక్క వాక్యం లేదు.

అవసరం ఏమిటో చెప్పే చోట అసర్ నివేదిక అంకెలు పేర్చారు. అసర్‌లో గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చిన్న పాఠం చదివిస్తారు, తీసివేతలు, భాగహారాలు చేయిస్తారు. మంచి సర్వే. కానీ మేం అడుగుతున్నది 8, 9, 10 తరగతుల టీచర్ల కోసం. దానికి దగ్గరగా వచ్చేది పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ (పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూసే కేంద్ర ప్రభుత్వ సర్వే). 2024 డిసెంబర్‌లో 3, 6, 9 తరగతుల పిల్లలకు పెట్టారు, 9వ తరగతి గణితం, సైన్స్‌ కూడా అందులో ఉన్నాయి. మా జిల్లా సంగతి అందులో చూపించాలి, అలాగే మా బడుల్లో మేమే పెట్టుకున్న పరీక్షల ఫలితాలు చూపించాలి. ఈ తేడా రాసిన వాళ్లకు తెలియదు, ఎందుకంటే వాళ్లెవరూ బడిలో పాఠం చెప్పినవాళ్లు కాదు.

శిక్షణ ఎప్పుడో చూస్తే, ఫిబ్రవరి, మార్చి అని వేశారు! పదో తరగతి పరీక్షల ముందు, పరీక్షల మధ్యలో ఏ టీచర్‌ను బయటికి పంపుతారు? పనిదినాల్లో శిక్షణ పెట్టాలంటే డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) గారి ప్రొసీడింగ్స్, అంటే ఉత్తర్వులు కావాలి, టీచర్లకు ఓడీ (ఆ రోజులను డ్యూటీగానే లెక్కేయడం) ఇవ్వాలి. అవి లేకుండా పెద్ద కంపెనీ వచ్చి కోటి రూపాయలు ఇచ్చినా హాలు ఖాళీగా ఉంటుంది. ప్రపోజల్‌లో డీఈవో అన్న మాటే లేదు. మేం జూన్ చివర, జూలైలో ఒక విడత, దసరా సెలవుల తర్వాత ఒక విడత అని మార్చాం. డీఈవో ఆఫీసు నుంచి అంగీకార పత్రం తెచ్చి జతచేశాం. రిసోర్స్ పర్సన్ల కోసం డైట్ (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ) లెక్చరర్లతో మాట్లాడి పెట్టుకున్నాం.

బడ్జెట్‌లో ఇంకో విచిత్రం. బడులు తిరిగి టీచర్లకు తోడుగా ఉండే కోఆర్డినేటర్ జీతం తీసేశారు. "చట్టం ప్రకారం నిర్వహణ ఖర్చు 5 శాతం దాటకూడదు" అన్నారు. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకునే పరిపాలన ఖర్చులకు. ప్రాజెక్టును నేరుగా నడపడానికి, పర్యవేక్షించడానికి అయ్యే ఖర్చు అందులోకి రాదు. మా సీఏ గారు నిబంధన తీసి చదివి వినిపించారు. అదే బడ్జెట్‌లో పని ఎంత ఫలించిందో బయటి ఏజెన్సీతో కొలిపించే ఇంపాక్ట్ అసెస్‌మెంట్‌కు 2 లక్షలు వేశారు. సగటున ఏటా 10 కోట్లు, ఆపైన సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలకు, అదీ కోటి రూపాయలు, ఆపై ప్రాజెక్టులకే అది తప్పనిసరి. 18 లక్షల ప్రాజెక్టుకు ఎందుకు? ఆ 2 లక్షలు తీసేసి కోఆర్డినేటర్ జీతం తిరిగి పెట్టాం. శిక్షణ అయ్యాక బడికి వెళ్లి పాఠం చూసే మనిషి లేకపోతే శిక్షణ అక్కడితోనే ఆగిపోతుంది. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

అందుకే ప్రపోజల్‌లో మధ్య భాగం మొత్తం మేమే కొత్తగా రాశాం. పెద్ద మాటలు వదిలేసి, మా శిక్షణలో నిజంగా జరిగేది రాశాం. ఉదాహరణకు మొదటి రోజు ఉదయం ప్రతి టీచర్ చేతికి ఒక టార్చ్ సెల్లు, ఒక చిన్న బల్బు, ఒకే ఒక్క వైరు ముక్క ఇస్తాం. హోల్డర్ ఉండదు. బల్బు వెలిగించమంటాం. ఓమ్ నియమం లెక్కలు ఏళ్ల తరబడి చెప్పినవాళ్లు కూడా అక్కడ ఆగుతారు. బల్బు అడుగున ఉన్న మొన ఒక కొస, పక్కనున్న లోహపు తొడుగు ఇంకో కొస అనీ, కరెంటు ఒక కొసలో వెళ్లి ఫిలమెంటు గుండా ఇంకో కొస నుంచి రావాలనీ చేత్తో తాకి చూస్తే తప్ప తట్టదు. మొనను సెల్లు పైనున్న లోహపు బొడిపెకు ఆనించి, తొడుగు నుంచి సెల్లు అడుగుకు వైరు కలిపితే బల్బు వెలుగుతుంది. వెలిగాక హాల్లో వచ్చే మాటలు వినాలి. పాఠ్యపుస్తకంలో వలయం బొమ్మ గీసినప్పుడు పిల్లలకు ఏం అర్థం కావడం లేదో అప్పుడు టీచర్లే చెబుతారు.

లెక్కల వైపు మా సార్ ఒకరు 1/2 ÷ 1/4 తీసుకుంటారు. తిరగేసి గుణిస్తే 2 వస్తుందని అందరికీ తెలుసు. అరను పావుతో భాగిస్తే జవాబు రెండుకు ఎందుకు పెరిగిందని ఎనిమిదో తరగతి పిల్ల అడిగితే ఏం చెబుతారు? కాగితం పట్టీ మడిచి, సగంలో పావులు ఎన్ని ఉన్నాయో చూపించాలి. ఇది ఎవరి చేత ఎలా చేయిస్తామో, ఆ తర్వాత నెలలో కోఆర్డినేటర్ బడికి వెళ్లి ఏం చూస్తాడో, శిక్షణకు ముందు ఎనిమిదో తరగతికి పెట్టిన పరీక్షనే తర్వాత కూడా ఎలా పెడతామో రెండు పేజీల్లో రాశాం. 400 మంది టీచర్లను 90కి తగ్గించాం.

కంపెనీల జాబితా గురించి కూడా చెప్పాలి. వాళ్లిచ్చింది ముంబై, బెంగళూరుల్లోని పెద్ద పేర్లు. పోర్టళ్లలో దరఖాస్తులు పెట్టారు, ఎక్కడి నుంచీ జవాబు లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్‌లోనే, కంపెనీ తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. మాకు హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి, దాంతో పాటు సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ కార్మికుల పిల్లలు చదివేది మా బడుల్లోనే. మేమే ఒక ఫ్యాక్టరీకి వెళ్లి సీఎస్‌ఆర్ అధికారిని కలిశాం. సున్నపురాయి తవ్వే జిల్లా కాబట్టి జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధుల కోసం కలెక్టర్ గారికీ ఒక అర్జీ పెట్టాం. గనుల ప్రభావిత ప్రాంతాల కోసం ఏర్పడిన ఆ నిధిలో చదువు కూడా ప్రాధాన్య అంశమే. అది ఇంకా పరిశీలనలో ఉంది.

ఫ్యాక్టరీ అధికారి మొదట అడిగింది ఇదే: "ప్రభుత్వం నిష్ఠ శిక్షణలు ఇస్తూనే ఉంది కదా మేడమ్, మళ్లీ మీరెందుకు?" న్యాయమైన ప్రశ్న. నిష్ఠ, అంటే కేంద్రం టీచర్లకు ఇచ్చే శిక్షణ కార్యక్రమం, 2019లో మొదలైంది, తర్వాత దీక్ష పోర్టల్‌లో ఆన్‌లైన్ కోర్సులుగా వస్తోంది. టీచర్ చేత్తో ప్రయోగం చేయడం, ఆ తర్వాత బడిలో ఎవరైనా తోడుండటం దానిలో కుదరదు, మేం చేసేది అదే అని చెప్పాను. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచర్‌కూ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంటోంది, మా పని దానికి తోడ్పడుతుందనీ చెప్పాను. ఆయన ప్రపోజల్ తిరగేస్తూ బల్బు ఉన్న పేజీ దగ్గర ఆగారు. సెల్లు, బల్బు, వైరు నా సంచిలోనే ఉన్నాయి, తీసి ఇచ్చాను. ఆయనా, పక్కనున్న ఇంజనీరు గారూ కాసేపు కుస్తీపట్టి వెలిగించారు. ఆ తర్వాత అడిగినవన్నీ తేదీల గురించి, బడుల పేర్ల గురించే.

రెండు నెలల తర్వాత ఎంఓయూ (ఒప్పందం) అయింది. 18 లక్షలు కాదు, 11 లక్షలు, మూడు విడతల్లో. మొదటి విడత వచ్చింది, 55 మంది టీచర్లతో మొదలుపెట్టాం. ఖర్చుల వివరం, ఫొటోలు, హాజరు పట్టికలు పంపాకే రెండో విడత వస్తుంది.

కాబట్టి నా మాట ఇది. మీ ట్రస్టుకు 12ఏ, 80జీ, సీఎస్‌ఆర్-1 కాగితాలు సరిగా లేకపోతే ఇలాంటి కన్సల్టెన్సీకి వెళ్లండి, ఆ పనికి 20, 25 వేలు ఇవ్వొచ్చు. ప్రపోజల్ వాళ్ల చేత రాయించకండి. ఏ పాఠం దగ్గర టీచర్ ఇబ్బంది పడుతున్నాడో తెలిసినవాళ్లే రాయాలి. అచ్చు తప్పులు దిద్దడానికి, ఇంగ్లీషులోకి మార్చడానికి మాత్రం వాళ్ల సాయం తీసుకోండి, అది చక్కగా చేస్తారు. ట్రస్ట్ పెట్టి మూడేళ్లు కాకపోతే మాత్రం ఎవరు ఎంత ఆశపెట్టినా ముందు డబ్బు కట్టకండి, సీఎస్‌ఆర్-1కు మీకు అర్హతే ఉండదు. వచ్చే ఏడాది దరఖాస్తు మేమే రాసుకుంటాం. 80జీ రెన్యువల్‌కు మాత్రం మళ్లీ ఆ అబ్బాయికే ఫోన్ చేస్తాను.