సాక్షినే బోనెక్కించే ఆట: కర్నూలు కోర్టు కళ్లతో ‘ఏస్ అటార్నీ ట్రైలజీ’

“నేనే ఆ హత్య చేసి ముద్దాయి మీదికి నెడుతున్నానంటే నిజం కాదు.”

కర్నూలు, అనంతపురం, కడప సెషన్స్ కోర్టుల్లో సాక్షుల వాంగ్మూలాలు తిరగేస్తే, క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి పక్షం లాయర్ ప్రశ్నలు) చివర ఈ తరహా వాక్యం తరచూ తగులుతుంది. డిఫెన్స్ లాయర్ నింద వేశాడు, సాక్షి కాదన్నాడు, టైపు చేశారు, సాక్షి సంతకం పెట్టి దిగిపోయాడు. కోర్టు భాషలో దీన్ని సజెషన్ అంటారు. ఎవరికీ చెమట పట్టదు, బల్ల ఎవరూ గుద్దరు. సినిమాల్లో, టీవీల్లో, నాటకాల్లో మాత్రం ఇదే వాక్యం దగ్గర కథ మొత్తం తిరగబడుతుంది. ఆ మలుపునే సరుకుగా అమ్మే వీడియో గేమ్ ‘ఏస్ అటార్నీ ట్రైలజీ’. లా చదివే పిల్లలకూ, పరిషత్తు పోటీలకు కోర్టు నాటకం రాసేవాళ్లకూ ఇది ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

తయారీ జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్. మొదటి భాగం 2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతి గేమ్ యంత్రం మీద జపాన్‌లో వచ్చింది. తొలి మూడు భాగాలనూ ఒకే పెట్టెలో సర్ది, బొమ్మలను కొత్త తెరలకు తగ్గట్టు నునుపు చేసి, 2019 ఏప్రిల్‌లో కంప్యూటర్, స్విచ్, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లకు వదిలారు. మొత్తం 14 కేసులు. హీరో ఫీనిక్స్ రైట్ అనే కుర్ర డిఫెన్స్ లాయర్. జ్యూరీ లేదు, తీర్పంతా ఒక్క జడ్జిదే. విచారణ మూడు రోజుల్లో ముగియాలి. మన దగ్గర మూడు రోజుల్లో ముగిసేది వకాలత్ దాఖలు వ్యవహారం మాత్రమే. కానీ ఆ గడువు లేకపోతే కథకు వేగం రాదు కాబట్టి క్షమించొచ్చు.

ఆడే తీరు చెప్పాలంటే, సాక్షి వాంగ్మూలం నాలుగైదు ముక్కలుగా తెర మీదికి వస్తుంది. ప్రతి ముక్క దగ్గరా రెండు దారులు. ‘ప్రెస్’ నొక్కితే హోల్డ్ ఇట్ అని అరిచి ఆ మాటనే గుచ్చి అడుగుతాడు. ‘ప్రెజెంట్’ నొక్కితే కోర్ట్ రికార్డ్‌లోంచి ఒక ఆధారం తీసి అబ్జెక్షన్ అంటాడు. తప్పు ఆధారం చూపినా, సరైన ఆధారాన్నే తప్పు ముక్క దగ్గర చూపినా శిక్ష పడుతుంది. శిక్షలు మించితే ముద్దాయికి గిల్టీ. అందుకే ముందు అన్ని ముక్కలనూ వరుసగా ప్రెస్ చేసుకుంటూ పోవాలి. ప్రెస్ చేసినందుకు సాధారణంగా శిక్ష ఉండదు, పైగా కొన్ని చోట్ల కొత్త ముక్క పుట్టుకొస్తుంది. ఆ తర్వాత కోర్ట్ రికార్డ్ తెరిచి ప్రతి వస్తువు వివరం ఆసాంతం చదవాలి. పోస్టుమార్టం రిపోర్టులో గంటలు, రశీదు వెనక రాత, పాస్‌పోర్టు మీద ముద్ర లాంటివి ఆట కావాలనే చిన్న అక్షరాల్లో దాస్తుంది. ప్రెజెంట్ నొక్కేముందు సేవ్ చేసుకోవడం మరిచిపోవద్దు.

సాక్షి మీద నింద ఎలా కట్టాలో నేర్పే ఉత్తమ పాఠం మొదటి కేసే. హంతకుడెవరో ఆట మొదట్లోనే చూపించేస్తుంది కాబట్టి ఇక్కడ చెప్పినా రసభంగం లేదు. ముద్దాయి లారీ బట్జ్. చనిపోయింది సిండీ స్టోన్. ప్రత్యక్ష సాక్షి ఫ్రాంక్ సావిట్ అనే పేపర్లు అమ్మేవాడు. (‘నిజంగా చూశా’ అన్న అర్థం ఆ ఇంగ్లిషు పేరులోనే ఉంది. తెలుగులో రాస్తే చూసినయ్య అని పెట్టుకోవచ్చు.) శవాన్ని చూసినప్పుడు టైము మధ్యాహ్నం 1 గంట అంటాడు. పోస్టుమార్టం మరణకాలం 4 నుంచి 5 మధ్య అంటుంది. నిలదీస్తే టీవీలో టైము విన్నానంటాడు. ఆ వేళలో బిల్డింగ్‌కు కరెంటే లేదని రికార్డు బయటపడుతుంది. అయితే గడియారం చూశానంటాడు. గదిలో గడియారం లేదు. హత్యకు వాడిన బొమ్మే గడియారం. పైకి చూస్తే వట్టి విగ్రహం, టైమును నోటితో చెప్పే రకం. పోలీసుల కంటికే అది గడియారంగా ఆనలేదు. మరి వాకిట్లోంచి తొంగి చూశానన్న ఈయనకెలా తెలిసింది? కొట్టిన ఊపుకు అది టైము చెప్పింది, ఈయన విన్నాడు.

అంతటితో అయిపోతే మామూలు కథే. ప్రాసిక్యూటర్ అడిగే చివరి ప్రశ్న బలమైనది: హత్య 4 తర్వాత జరిగితే గడియారం 1 అని ఎందుకు చెప్పింది? సిండీ పాస్‌పోర్టు ప్రకారం ఆమె ముందురోజే పారిస్ నుంచి వచ్చింది. గడియారం ఇంకా అక్కడి టైములోనే ఉంది. తొమ్మిది గంటల తేడా. ఇక్కడ సాయంత్రం 4 అయితే అక్కడ రాత్రి 1. మూడు గంటలు వెనక అనుకున్నది నిజానికి తొమ్మిది గంటలు ముందు. నింద వేసిన తర్వాత కూడా మిగిలిన ఆ ఒక్క చీలిక పూడ్చేదాకా ఆట గెలుపు ఇవ్వదు. కోర్టు నాటకాలు రాసేవాళ్లలో చాలామంది ఎగ్గొట్టే మెట్టు ఇదే.

ఇందులో మూడు అంచెలు ఉన్నాయి. మొదటిది, సాక్షి అబద్ధం చెప్పాడని చూపడం. అబద్ధం చెప్పినవాడల్లా హంతకుడు కాదు. పరువు కోసం, భయంతో, దొంగతనం దాచుకోవడానికి కూడా జనం అబద్ధమాడతారు. రెండోది, చేసినవాడికి తప్ప మరొకరికి తెలిసే వీల్లేని సంగతి ఈయన నోటి నుంచి రావడం. మూడోది, ఆ సంగతి మిగతా రికార్డుతో పొసగడం. రెండో అంచె లేకుండా మొదటిదాని మీంచి నేరుగా నిందకు దూకే సీన్లు తెలుగు తెర మీద కోకొల్లలు. ‘కంగారు పడ్డాడు కాబట్టి వీడే’ అన్నది తర్కం కాదు. బోనెక్కిన ఏ రైతు కంగారు పడడు?

ఇక చట్టం సంగతి. ఆటలో సాక్షి మీద నింద రుజువైతే జడ్జి అక్కడికక్కడే ముద్దాయికి నాట్ గిల్టీ అంటాడు, సాక్షిని పట్టుకుపోతారు. మన దగ్గర డిఫెన్స్‌కు అసలు హంతకుణ్ని పట్టివ్వాల్సిన బాధ్యత లేదు. ప్రాసిక్యూషన్ కేసులో సహేతుకమైన అనుమానం పుట్టిస్తే చాలు. విచారణ మధ్యలో, వచ్చిన సాక్ష్యాన్ని బట్టి మరొకరు నేరం చేసినట్టు కనబడితే, కోర్టు ఆయన్నూ ముద్దాయిగా చేర్చొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 319వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 358. దానికి కొలబద్ద కూడా గట్టిదే. చార్జి వేయడానికి సరిపోయే ప్రాథమిక ఆధారం కన్నా ఎక్కువ ఉండాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014లో హర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది. చేర్చాక ఆయన వరకు విచారణ మొదటి నుంచీ నడవాలి, సాక్షులను మళ్లీ వినాలి. అంటే చూసినయ్యను ఆ సాయంత్రమే జైలుకు పంపే సీను కర్నూలులో రాస్తే, చూడటానికొచ్చిన వకీళ్లు నవ్వుతారు.

బోనులో కుప్పకూలి ‘అవును, నేనే’ అనేయడం మరో చిక్కు. నేరం అంటుకుంటుందన్న కారణంతో సాక్షి జవాబు ఎగ్గొట్టడానికి వీల్లేదు. కానీ అలా బలవంతాన చెప్పించిన జవాబును తర్వాత ఆయన మీద కేసులో రుజువుగా వాడకూడదు, తప్పుడు సాక్ష్యం కేసుకు తప్ప. పాత సాక్ష్య చట్టంలో 132, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 137. ఆటలో ఇలా కుప్పకూలడం చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, మన పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు దాని మీద కేసు నిలబెట్టడం అంత తేలిక కాదు. పైగా సజెషన్ రెండు వైపులా పదునున్న కత్తి. “నువ్వే కొట్టావు, మా వాడు పక్కన ఉన్నాడంతే” అని డిఫెన్స్ అడిగితే, ముద్దాయి అక్కడ ఉన్నాడని తామే ఒప్పుకున్నట్టవుతుంది. ముద్దాయిని ఇరికించే సజెషన్ ఆయనకే చుట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2023లో కూడా తేల్చింది. ఫీనిక్స్ రైట్‌కు ఈ భయమే లేదు.

వైరుధ్యం నిరూపించే పద్ధతిలో కూడా ఆట అడ్డదారి తొక్కుతుంది. అక్కడ కాగితం ఎత్తి చూపితే చాలు. ఇక్కడ సాక్షి పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్‌లో ఆ భాగాన్ని మాత్రం ఆయనకు చదివి వినిపించాలి. ‘నేనట్ల చెప్పలేదు’ అంటే దాన్ని డి-1గా (డిఫెన్స్ తరఫు మొదటి కాగితంగా) మార్క్ చేయించి, తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు ‘ఈయన ఇట్లా చెప్పాడా?’ అని అడిగి రుజువు చేయించాలి. ఈ రెండో పని మరిచిపోతే మార్క్ చేసిన కాగితం ఉత్త కాగితమే. మూట్ కోర్టు (లా కాలేజీల్లో నడిపే నమూనా కోర్టు) పిల్లలు ఎక్కువగా జారేది సరిగ్గా ఇక్కడే. ఈ విషయంలో ఆటను గురువుగా పెట్టుకోవద్దు.

రచయితలకు మాత్రం ఇది బంగారు గని. మన సీమ నాటకానికి వకీళ్లతో పాత చుట్టరికం ఉంది. నాటక రచయిత ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ కూడా వకీలే. ఆ గడ్డ మీద కోర్టు సీను చప్పగా రాస్తే ఒప్పుకోరు. ఆట నేర్పిన అంచెలను మన నేల మీద ఎలా నాటాలో ఒక కల్పిత ఉదాహరణ చూడండి. ఆదోని పత్తి యార్డులో ఒక కమీషన్ ఏజెంటు హత్య. హమాలీ ఒకడు ముద్దాయి. పక్క కొట్టు గుమస్తా సాక్షి. శవం బనీను లోపలి జేబులో నెత్తురంటిన తూకం చీటీ దొరికింది. అందులో 62 కిలోల తేడా కొట్టేసి రాసి ఉంది. గుమస్తా క్రాస్‌లో నోరు జారాడు: “ఆ అరవై రెండు కిలోల కాడనే కదా సార్ ఇద్దరికీ తగువు!”

ఇక్కడే లాయరు ‘నువ్వే చంపావు’ అని అరిస్తే సీను చెడిపోతుంది. ఎందుకంటే గుమస్తాకు ఇంకా తప్పించుకునే తలుపులు ఉన్నాయి: కానిస్టేబుల్ చెప్పాడు, పేపర్లో చదివాను, హమాలీయే చెప్పాడు, తూకం వేసింది నేనే. అందుకని ఆ సంఖ్య పలికించక ముందే ఒక్కో తలుపూ మూయాలి. పోలీసులతో ఆ రాత్రి తర్వాత మాట్లాడావా? లేదు. పేపర్లో ఏమొచ్చిందో చూశావా? చదువు రాదు సార్. (గుమస్తాకు చదువు రాకపోవడమేమిటని జనం నవ్వుకుంటారు. ఆ అబద్ధం కూడా పనికొస్తుంది.) హమాలీతో నీకు మాటలున్నాయా? లేవు. తూకం ఎవరు వేశారు? నాకు తెలీదు. నాలుగూ బిగిసిన తర్వాత తగువు సంగతి అడగాలి. సంఖ్య బయటికొస్తుంది. లాయరు గొంతు పెంచనక్కర్లేదు. చీటీ జేబులో లోపలి వైపు మడిచి ఉందని పంచనామాలోంచి చదివితే చాలు.

మొదటి కేసులో ఆట ఈ తలుపులు మూసే పనిని బాగా చేసింది, టీవీ ఒకటి, గదిలో గడియారం ఒకటి అన్నట్టు. తర్వాతి కేసుల్లో అన్నిసార్లూ అంత శ్రద్ధ లేదు. కొన్ని చోట్ల తలుపు తెరిచే ఉంటుంది, సంగీతం హోరుతో మనల్ని దాటించేస్తారు.

ఆటతో వచ్చే అసలు విసుగు వేరు. హంతకుడెవరో మనకు రెండు మెట్ల ముందే తెలిసిపోతుంది, ఆట మాత్రం తన వరుసలోనే రమ్మంటుంది. సరైన ఆధారం సరైన మనిషికి వ్యతిరేకంగా చూపినా, ముక్క తప్పితే శిక్షే. ఒకే నిజానికి రెండు ఆధారాలు పలికే చోట రచయిత మనసులో ఉన్నదొక్కటే చెల్లుతుంది. రెండో భాగంలో ఈ జబ్బు ఎక్కువ. అందులో కొత్తగా వచ్చిన సైక్ లాక్స్ (సాక్షి మనసులో రహస్యాలకు వేసిన తాళాలు, ఆధారాలతో పగలగొట్టాలి) కోర్టు బయట నిందకు నేలను దున్నే పనిముట్టుగా బాగుంది. మూడో భాగం మొదటి కేసు మళ్లీ పుంజుకుంటుంది. అక్కడ ముద్దాయి కాలేజీ కుర్రాడైన ఫీనిక్సే, వాదించేది మియా ఫే అనే లాయర్. మొదటి భాగంలో ఒక చిలకను క్రాస్ చేసే ఘట్టం ఉంది. జోస్యం చెప్పే చిలకలు చూసిన మనకు అది వింతేమీ కాదు గానీ, మన చట్టంలో సాక్షి అంటే మనిషే.

కొనేవాళ్లకు నాలుగు మాటలు. తెలుగు లేదు. ఇంగ్లిషు చదవడం బాగా రావాలి, ఎందుకంటే ఆటంతా చదవడమే. పేర్లలో శ్లేషలు అర్థం కాకపోయినా కేసు విప్పడానికి అడ్డు కాదు. పరుగులు, తుపాకులు లేవు కాబట్టి పాత ల్యాప్‌టాప్ కూడా మోస్తుంది. కంప్యూటర్ మీదైతే స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల కొట్టులో సేల్ వచ్చేదాకా ఆగండి, పూర్తి ధర పెట్టనక్కర్లేదు. ఫోన్‌లో కూడా దొరుకుతుంది గానీ, చిన్న తెర మీద కోర్ట్ రికార్డ్ వివరాలు కళ్లు చిట్లించి చదవాలి, అక్కడే ఆధారం జారిపోతుంది. మొదటి భాగం అయిదో కేసు తర్వాత జోడించింది, చాలా పొడుగు. దాన్ని వదిలి రెండో భాగానికి వెళ్లొద్దు. వస్తువులను చేతిలో తిప్పి చూసి ఆధారం పట్టడం ఆ కేసులోనే ఎక్కువ. ఆదోని చీటీ లాంటి సీను రాయాలనుకునేవాళ్లు పెన్ను పట్టుకుని ఆడాల్సిన కేసు అదే.